గుంటూరు కల్లానికి రాడార్ ఎంత దూరం?

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు గంటలు. గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా కల్లాల్లో మిర్చి ఎర్రగా పరిచి ఉంటుంది. ఎండ మాడ్చేస్తుంటుంది. పడమటి దిక్కున ఒక తెల్ల మబ్బు తప్ప ఆకాశంలో ఏమీ ఉండదు. నాలుగున్నర అయ్యేసరికి ఆ మబ్బే నల్లబడి, గోపురంలా పైకి లేస్తుంది. దాని కింద నుంచి ఒక్కసారిగా చల్లగాలి కొడుతుంది. ఆ గాలి ఒంటికి తగిలాక రైతు చేతిలో మిగిలేది పది, పదిహేను నిమిషాలు. ఆ కాస్త సమయంలో కాయను కుప్ప చేయాలి, పట్టాలు కప్పాలి, గాలికి లేచిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టాలి. నలుగురు మనుషులు దగ్గరుంటే కొంత కాయ దక్కుతుంది. ఇంటిల్లిపాదీ ఊళ్లో ఉండి కల్లం దగ్గర ఒక్కరే ఉంటే అదీ దక్కదు. తడిసి రంగు మారిన కాయకు యార్డులో ధర ఎలా పలుకుతుందో గుంటూరు జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు పొద్దున్నే ఫోన్లకు హెచ్చరిక వచ్చే ఉంటుంది. ఫలానా జిల్లాల్లో అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో కూడిన వానలు పడే అవకాశం ఉందని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ 'అక్కడక్కడా'లో తన ఊరు ఉందో లేదో రైతుకు తెలిసే దారి లేదు. వేసవిలో వారం రోజులు వరసగా అదే మెసేజ్ వస్తుంటే, రోజూ కాయను ఎత్తి కుప్ప పోస్తుంటే, ఇక కాయ ఎండేదెప్పుడు?

తుపాను సంగతి వేరు. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. పది వేల మందికి పైగా చనిపోయారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వస్తోందని, ఎటు వస్తోందని రోజుల ముందే తెలిసింది. లంక గ్రామాల వాళ్లను తరలించడానికి, బడులకు సెలవులు ఇవ్వడానికి వ్యవధి దొరికింది. ఉపగ్రహాలు, కంప్యూటర్ మోడళ్లు, తీరం వెంట పెట్టిన రాడార్లు కలిసి సాధించిన మార్పు ఇది, చిన్నది కాదు. అయినా ధాన్యం తడిసింది, అరటి పడిపోయింది, కానీ మనుషులు మిగిలారు.

ఇప్పుడు విజయవాడ, గుంటూరు ప్రాంతాన్ని వెంటాడుతున్నది గంటలో పుట్టి గంటలో పోయే గాలివాన. దానితో వచ్చే పిడుగు, వడగళ్లు, చెట్లను పెకలించే ఈదురుగాలి. ఒకే చోట గంటలో కుమ్మరించే కుండపోత. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇలాంటివాటిని కంప్యూటర్ మోడల్ ముందు రోజే ఊరి పేరుతో చెప్పలేదు. పుట్టిన క్షణం నుంచి కళ్లు ఆర్పకుండా చూస్తూ ఉండాలి. ఆ పని చేయగలిగేది రాడార్ ఒక్కటే. ప్రపంచవ్యాప్తంగా వాతావరణ రాడార్లలో ఇప్పుడు జరుగుతున్న మార్పులు చాలావరకు ఈ పొట్టి ఆయుష్షు గాలివానల కోసమే. వాటిలో ఏది మనకు అక్కరకు వస్తుందో తెలియాలంటే ముందు రాడార్ ఏం చూస్తుందో, ఏం చూడలేదో తెలియాలి.

రాడార్ పనితీరు చెప్పుకోవడానికి తేలికే. పెద్ద పళ్లెం లాంటి యాంటెన్నా, దాని మీద ఎండావానా తగలకుండా తెల్లటి గుండ్రటి డోమ్. యాంటెన్నా తిరుగుతూ రేడియో తరంగాలను చిన్న చిన్న పల్స్‌లుగా వదులుతుంది. దారిలో వాన చినుకులు తగిలితే వాటి మీద నుంచి కాస్త శక్తి వెనక్కి వస్తుంది. వచ్చిన సమయాన్ని బట్టి దూరం, వచ్చిన బలాన్ని బట్టి వాన తీవ్రత. ఈ ప్రాంతాన్ని చూసే మచిలీపట్నం రాడార్ నుంచి విజయవాడ నేరుగా కొలిస్తే 65 కిలోమీటర్లు. పల్స్ వెళ్లి తిరిగి రావడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు.

రైలు గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఇంకో సంగతి అనుభవమే. దగ్గరకు వస్తున్న రైలు కూత సన్నగా, పదునుగా వినిపిస్తుంది. గేటు దాటి వెళ్లిపోతుంటే అదే కూత బొంగురుపోతుంది. 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ వివరించిన సూత్రం ఇదే. చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో పోతున్నాయి అన్నది తిరిగొచ్చిన తరంగంలోని తేడాను బట్టి తెలుస్తుంది. అందుకే వీటిని డాప్లర్ రాడార్లంటారు. పాత రాడార్‌కు వాన మాత్రమే కనిపించేది, డాప్లర్ రాడార్‌కు వానతో పాటు గాలి కూడా కనిపిస్తుంది. దేశంలో ఈ తరం రాడార్లు 2002లో చెన్నైతో మొదలయ్యాయి, 2004లో మచిలీపట్నానికి వచ్చాయి. అయితే ఒక ఇబ్బంది ఉంది. తనవైపు వచ్చే గాలిని, తన నుంచి పోయే గాలిని మాత్రమే అది కొలవగలదు. అడ్డంగా వీచే గాలి దాని లెక్కలోకి రాదు. ఒకే గాలివానను రెండు వైపుల నుంచి రెండు రాడార్లు చూస్తే తప్ప గాలి అసలు దిశ పూర్తిగా తేలదు.

మనకు ఎక్కువగా ముడిపడిన సమస్య మాత్రం ఎత్తు. రాడార్ తరంగం దాదాపు సూటిగా పోతుంది, భూమి మాత్రం గుండ్రంగా వంగుతుంది. యాంటెన్నాను మామూలుగా అన్నిటికంటే కిందికి, అంటే అర డిగ్రీ కోణంలో పెట్టినా, దూరం పెరిగే కొద్దీ తరంగం నేల నుంచి పైకి పైకి పోతుంది. లెక్క వేసి చూస్తే మచిలీపట్నం నుంచి బయల్దేరిన తరంగం మధ్యభాగం విజయవాడ చేరేసరికి నేలకు 800 మీటర్ల పైన ఉంటుంది. గుంటూరు దగ్గర కిలోమీటరు ఎత్తు. నరసరావుపేట దగ్గర దాదాపు 1,800 మీటర్లు. పల్నాడులో మాచర్ల చేరేసరికి మూడున్నర కిలోమీటర్లు దాటిపోతుంది. అంటే మాచర్ల మీద రాడార్ చూసే వాన మూడున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న వాన. అక్కడి నుంచి నేలకు వచ్చేలోపు అది ఇంకా చిక్కబడవచ్చు, వేడి పొడిగాలిలో ఆవిరైపోనూవచ్చు. రాడార్‌కు ఆ సంగతి తెలియదు.

ఎత్తుతో పాటు తరంగం వెడల్పు కూడా పెరుగుతుంది. ఒక డిగ్రీ వెడల్పున్న తరంగం విజయవాడ మీద కిలోమీటరుకు పైగా విస్తరిస్తుంది, మాచర్ల మీద మూడు కిలోమీటర్లు దాటుతుంది. దగ్గర్లో ఉన్నది సూదితో తడిమినట్టు తెలుస్తుంది, దూరాన ఉన్నది అరచేత్తో తడిమినట్టు. రంగుల పటం మీద మాత్రం రెండూ ఒకేలాంటి చుక్కలుగా కనిపిస్తాయి. ఆ పటాన్ని ఫోన్లో చూసుకుని నిర్ణయాలు తీసుకునే వాళ్లు ఈ మధ్య పెరిగారు కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవడం అవసరం.

ఇప్పుడు కల్లం దగ్గరి చల్లగాలికి వద్దాం. గాలివాన మబ్బులో చినుకులు ఆవిరై గాలి చల్లబడి బరువెక్కుతుంది, నేల మీదకు దూకుతుంది, నీళ్లు పారబోసినట్టు నాలుగు వైపులా పాకుతుంది. దాని ముందంచే మనకు తగిలే మొదటి గాలి. ఆ అంచు మందం చాలాసార్లు కిలోమీటరు కూడా ఉండదు. వేసవి సాయంత్రాల్లో సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి పడమటి పొడిగాలిని ఢీకొనే గీత కూడా అలాగే నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. చాలా గాలివానలు పుట్టేది ఆ గీత మీదే. దగ్గర్లో ఉన్న రాడార్‌కు ఆ గీత సన్నటి దారంలా కనిపిస్తుంది, అందులో చిక్కుకున్న పురుగులూ దుమ్మూ తరంగాన్ని వెనక్కి పంపుతాయి కాబట్టి. 75 కిలోమీటర్ల దూరాన, కిలోమీటరు ఎత్తున చూసే రాడార్‌కు ఆ దారం చిక్కదు, చిక్కినా అరకొరగానే. గుంటూరు రైతుకు అందరికంటే ముందుగా కావాల్సిన సమాచారం రాడార్ చూపు కింద నుంచి జారిపోతోందన్నమాట.

రెండో సమస్య చినుకు సైజుది. ఇది వినడానికి చిన్నదే, ఫలితం మాత్రం చాలా పెద్దది. చినుకు వెనక్కి పంపే శక్తి దాని అడ్డుకొలత ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు చినుకును, నాలుగు మిల్లీమీటర్ల చినుకును పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద చినుకులో నీళ్లు 64 రెట్లు ఎక్కువ. కానీ రాడార్‌కు అది పంపే శక్తి 4,096 రెట్లు ఎక్కువ! కాబట్టి కొన్ని పెద్ద చినుకులున్న వాన, లెక్కలేనన్ని సన్న చినుకులున్న వానకంటే రాడార్‌కు భయంకరంగా కనిపించవచ్చు. నిజానికి నేల మీద నీళ్లు రెండోదానితోనే ఎక్కువ పడవచ్చు. తుపాను, వాయుగుండం తెచ్చే వానలు చాలావరకు ఈ రెండో రకమే. 1948 నుంచి వాడుకలో ఉన్న మార్షల్-పామర్ సూత్రం ప్రకారం రాడార్ తీవ్రత 40 డీబీజెడ్ (వెనక్కి వచ్చిన శక్తిని చెప్పే కొలమానం) ఉంటే గంటకు 11, 12 మిల్లీమీటర్ల వాన. 50 ఉంటే దాదాపు 50 మిల్లీమీటర్లు. మధ్యలో ఒక వడగల్లు తడిసి మెరుస్తూ అడ్డొస్తే చాలు, లెక్క తలకిందులవుతుంది.

దీనికి పరిష్కారంగా వచ్చిందే డ్యూయల్ పోలరైజేషన్. పేరు నోరు తిరగదు కానీ విషయం అర్థమయ్యేదే. పాత రాడార్ తరంగం ఒకే తలంలో, అడ్డంగా ఊగుతూ పోతుంది. కొత్తది అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పంపుతుంది. చినుకును మనం కన్నీటి బొట్టు ఆకారంలో గీస్తాం కానీ నిజంగా పడే పెద్ద చినుకు అలా ఉండదు. కింద నుంచి గాలి నొక్కడం వల్ల అడుగు చదునై, బన్ను లాగా అడ్డంగా సాగి ఉంటుంది. అలాంటి చినుకు అడ్డ తరంగాన్ని ఎక్కువగా, నిలువు తరంగాన్ని తక్కువగా వెనక్కి పంపుతుంది. సన్న చినుకు గుండ్రం కాబట్టి రెంటినీ ఒకేలా పంపుతుంది. వడగల్లు దొర్లుకుంటూ పడుతుంది, ఏ ఒక్క వైపూ నిలకడగా సాగి కనిపించదు కాబట్టి ఎంత పెద్దదైనా గుండ్రని వస్తువులాగే జవాబిస్తుంది. రెండు తరంగాల జవాబులను పోల్చి చూస్తే తీవ్రత ఒకటే అయినా ఇది పెద్ద చినుకుల వాన, ఇది సన్న చినుకుల ముసురు, ఇది వడగల్లు అని విడదీయవచ్చు.

దీంతో కలిసొచ్చే లాభం ఇంకొకటి. తెల్లవారుజామున పక్షుల గుంపులు ఒక్కసారిగా గాల్లోకి లేస్తే రాడార్ తెర మీద వాన మబ్బులాగే కనిపిస్తాయి. కొల్లేరు పక్కనే ఉన్న మనకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు. తీరంలో కొన్ని రాత్రులు గాలి పొరల వల్ల తరంగం కిందికి వంగి నేలను తాకి, వాన లేని చోట వానను చూపిస్తుంది. పక్షి, పురుగు, కొండ, భవనం ఇవన్నీ రెండు తరంగాలకు పొంతన లేని జవాబులిస్తాయి. వానకు మాత్రం రెండు జవాబులూ కలిసి నడుస్తాయి. ఆ ఒక్క కొలతతో అబద్ధపు వానను చాలావరకు ఏరిపారేయవచ్చు. అమెరికాలో దాదాపు 160 రాడార్లున్న జాతీయ వ్యవస్థ మొత్తాన్ని 2011 నుంచి 2013 మధ్య ఈ పద్ధతిలోకి మార్చారు. రాడార్లను కూల్చి కొత్తవి కట్టలేదు, ఉన్నవాటినే మార్చుకున్నారు. తీరంలో పాత తరం రాడార్లున్న చోట ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడు ఈ ఉదాహరణ గుర్తుకు రావాలి.

మూడోది వేగం. మామూలు రాడార్ ఒక కోణంలో పెట్టి గుండ్రంగా తిరుగుతుంది, తర్వాత కొంచెం పైకెత్తి మళ్లీ తిరుగుతుంది, అలా మెట్టు మెట్టుగా ఆకాశమంతా చుట్టి వస్తుంది. మన వాతావరణ శాఖ రాడార్ చిత్రాలు సుమారు పది నిమిషాలకొకసారి మారేది అందుకే. తుపానుకు ఇది చాలు, అది గంటకు పది, పదిహేను కిలోమీటర్ల చొప్పున నడుస్తుంది. గాలివాన మబ్బు ఆయుష్షే ముప్పావుగంట, గంట. మబ్బు కింద నుంచి నేలకు గుద్దినట్టు దిగే గాలి కొన్నిసార్లు ఐదారు నిమిషాల్లో తన పని ముగిస్తుంది. అది మొదలవడానికి ముందు ఒక చిత్రం, అయిపోయాక ఇంకో చిత్రం వస్తాయి. మధ్యలో హోర్డింగులు కూలిపోయి ఉంటాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదిలే గాలివాన పది నిమిషాల్లో ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అరగంటలో గుంటూరు శివార్ల నుంచి మంగళగిరి చేరిపోతుంది.

ఈ సమస్యను రెండు రకాలుగా ఎదుర్కొంటున్నారు. ఒకటి ఉన్న యాంటెన్నానే తెలివిగా తిప్పడం. పైన మబ్బే లేనప్పుడు పై మెట్లన్నీ ఎక్కి సమయం వృథా చేయకుండా కిందికి దించడం, ప్రమాదం ఉన్న రోజు కింది కోణాన్ని మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ చూడటం. అమెరికాలో సాఫ్ట్‌వేర్ మార్పుతోనే ఇది సాధ్యమైంది. రెండోది ఫేజ్డ్ అరే రాడార్. ఇందులో యాంటెన్నాను మెట్టు మెట్టుగా పైకెత్తే పని ఉండదు. వందల, వేల చిన్న చిన్న యాంటెన్నాలను ఒక పలక మీద పేర్చి, ఒక్కొక్కదాని తరంగాన్ని సెకనులో అతి చిన్న భాగం ముందూ వెనుకా వదులుతారు. దాంతో తరంగం కోరుకున్న దిక్కుకు మళ్లుతుంది. ఒసాకా విశ్వవిద్యాలయంలో 2012లో పెట్టిన ఇలాంటి రాడార్ మబ్బును అడుగు నుంచి పైదాకా అర నిమిషంలో చుట్టి చూడగలదు. అమెరికాలో ఓక్లహోమాలోని నార్మన్‌లో ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. యుద్ధనౌకల్లో వాడే టెక్నాలజీ ఇది, ఖర్చు ఇంకా ఆకాశంలోనే ఉంది. మచిలీపట్నానికి రేపే అది కావాలనడం తొందరపాటు. సాఫ్ట్‌వేర్ మార్పు మాత్రం రేపటికి వాయిదా వేయాల్సినంత ఖరీదైనది కాదు.

మన ప్రాంతానికి నిజంగా అక్కరకొచ్చేది చిన్న రాడార్. మచిలీపట్నంలో ఉన్నది ఎస్-బ్యాండ్, తరంగం పొడవు పది సెంటీమీటర్లు. కుండపోతలోనూ బలం తగ్గకుండా దూసుకుపోతుంది, సముద్రం మీద వందల కిలోమీటర్ల దూరాన ఉన్న తుపానును పట్టుకుంటుంది. అది తీరానికి కావలిదారు, ఆ పనికి అదే ఉండాలి. ఎక్స్-బ్యాండ్ రాడార్ తరంగం మూడు సెంటీమీటర్లే. యాంటెన్నా చిన్నది, ఎత్తైన భవనం మీదనో గుట్ట మీదనో పెట్టుకోవచ్చు. చూపు అరవై, డెబ్భై కిలోమీటర్లు, మహా అయితే వంద. గుంటూరు, విజయవాడ మధ్య ఎక్కడ ఒకటి పెట్టినా రెండు ఊళ్లమీదా రెండు మూడు వందల మీటర్ల ఎత్తు నుంచే గాలివానను చూడగలదు. నరసరావుపేట వైపు ఇంకోటి ఉంటే పల్నాడు మీద ఇప్పుడున్న చీకటి చాలావరకు తొలగుతుంది. పైగా మచిలీపట్నంతో కలిపి ఒకే మబ్బును రెండు దిక్కుల నుంచి చూసినట్టవుతుంది. అడ్డంగా వీచే గాలి కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది.

దీనికీ బలహీనత ఉంది. మూడు సెంటీమీటర్ల తరంగం జోరువానలో నీరసపడిపోతుంది. ముందున్న వాన వెనకున్న వానను కప్పేస్తుంది. తెర మీద అక్కడ ఖాళీ కనిపిస్తే వాన లేదని పొరబడే ప్రమాదం ఉంది. డ్యూయల్ పోలరైజేషన్ ఉంటే తరంగం ఎంత నీరసించిందో లెక్కగట్టి కొంతవరకు సరిచేయవచ్చు, కాబట్టి అది లేని ఎక్స్-బ్యాండ్ కొనడంలో అర్థం లేదు. అమెరికాలో డల్లాస్, ఫోర్ట్ వర్త్ జంట నగరాల చుట్టూ ఇలాంటి చిన్న రాడార్లను గొలుసుగా పేర్చి ఒకదాని నీడను ఇంకోటి పూడ్చేలా నడిపారు. మన దేశంలోనూ హిమాలయ రాష్ట్రాల కొండల మధ్య ఎక్స్-బ్యాండ్ రాడార్లు పెట్టారు. 2014లో పదిహేను దాకా ఉన్న మన డాప్లర్ రాడార్లు 2024 నాటికి నలభైకి దగ్గరయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఆమోదించిన వాతావరణ పథకం మిషన్ మౌసమ్‌కు కేటాయింపు 2,000 కోట్ల రూపాయలు, దానిలో రాడార్లదే ముఖ్యమైన స్థానం. కృష్ణా డెల్టాకు ఎగువన, కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఈ జంట నగరాలకు అందులో చోటు అడగడానికి బలమైన కారణమే ఉంది.

ఆ కారణం పేరు బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఈ వాగును విజయవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో బంగాళాఖాతం వాయుగుండం తీరం దాటింది ఎక్కడో కళింగపట్నం దగ్గర, విజయవాడకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో. వాన మాత్రం ఇక్కడ కుమ్మేసింది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వాయుగుండం కేంద్రం మీదే దృష్టి పెడితే ఏం జరుగుతుందో ఆ రెండు రోజులు చూపించాయి.

కృష్ణ వరద పైనుంచి డ్యాములు దాటుకుంటూ వస్తుంది. శ్రీశైలంలో ఎంత, సాగర్‌లో ఎంత, పులిచింతలలో ఎంత అని గంటగంటకూ లెక్క తెలుస్తూ ఉంటుంది. బుడమేరుకు ఆ సదుపాయం లేదు. కొండల మీద పడిన వాన గంటల వ్యవధిలో కాలనీ గుమ్మంలోకి వచ్చేస్తుంది. అంత తక్కువ వ్యవధిలో చేయగలిగింది ఒక్కటే, కొండల మీద ఎంత వాన పడుతోందో పడుతుండగానే లెక్కగట్టడం. రెండు మూడు వర్షమాపకాలతో ఆ లెక్క తేలదు, మాపకం ఉన్న ఊళ్లో చినుకు పడకుండా పక్క ఊరు మునిగిన సందర్భాలు బోలెడు. రాడార్ ఆ పరీవాహక ప్రాంతాన్నంతా కిలోమీటరు కిలోమీటరుగా చూడగలదు, కానీ చినుకు సైజు తెలియని పాత రాడార్ లెక్క మీద గేట్లు ఎత్తే నిర్ణయం తీసుకోలేం. వాయుగుండం వానలు సన్న చినుకుల వానలని ఇందాక చెప్పుకున్నాం, పాత లెక్క వాటిని తక్కువ చేసి చూపిస్తుంది. అవసరమైన రోజునే తక్కువ చూపిస్తుంది. డ్యూయల్ పోలరైజేషన్ రాడార్, మండలాల్లో ఇప్పటికే ఉన్న ఆటోమేటిక్ వర్షమాపకాలు, బుడమేరు నీటిమట్టం కొలిచే సెన్సర్లు, ఈ మూడింటినీ ఒకే తెర మీదకు తెస్తే ఎగువన వెలగలేరు దగ్గర నీళ్లు పెరగకముందే సింగ్‌నగర్‌కు కబురు పంపవచ్చు. వస్తువులు మేడ మీదకు ఎక్కించుకోవడానికి, మంచాన పడ్డ పెద్దవాళ్లను బయటికి తేవడానికి రెండు మూడు గంటలు దొరికినా పెద్ద ఊరట.

పట్టించుకోని కోణం ఇంకోటి ఉంది. ఈ ప్రాంతమంతా ఆధారపడింది దాదాపు ఒకే ఒక్క రాడార్ మీద. హైదరాబాద్ రాడార్ 250 కిలోమీటర్ల దూరంలో ఉంది, దాని తరంగం విజయవాడ మీదకు వచ్చేసరికి ఆరు కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. విశాఖ నుంచి వచ్చేది ఎనిమిది కిలోమీటర్లు దాటుతుంది. అంటే మబ్బుల నెత్తి తప్ప ఏమీ కనిపించదు. మచిలీపట్నం రాడార్ ఏ రిపేరు కోసమో ఆగిన రోజు గాలివాన వస్తే రెండు నగరాలకూ చూపు పోయినట్టే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విరుచుకుపడిన పూట విశాఖ రాడార్ ఆ గాలికే దెబ్బతింది. తుపాను తీరం దాటే వేళ అందరికంటే ఎక్కువ దెబ్బ తినేది తీరంలో ఉన్న రాడారే, అది సహజం. పాత రాడార్లలో తరంగాన్ని పుట్టించే పెద్ద గొట్టం పాడైతే రాడార్ మొత్తం ఆగుతుంది. కొత్తవాటిలో ఆ పనిని సాలిడ్ స్టేట్ పలకలు పంచుకుంటాయి, రెండు మూడు పాడైనా మిగతావి నడిపిస్తాయి. కొనే రోజు పేపర్లో ఫొటో పడేది రాడార్‌కు. స్పేర్ పార్టులకు, ఇంజినీర్లకు, డీజిల్ జనరేటర్‌కు డబ్బు కేటాయించిన రోజు ఎవరూ వార్త రాయరు, కానీ మే నెల సాయంత్రం రాడార్ తిరుగుతూ ఉండటం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక కబురు చేరడం. తాడేపల్లి దగ్గర ఉన్న రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు హెచ్చరికలు పంపుతోంది. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. ఒక సెల్ టవర్ పరిధిలోని ఫోన్లన్నిటికీ నంబర్లతో పనిలేకుండా ఒకేసారి పెద్ద మోతతో హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి కూడా వచ్చింది. చేరవేసే దారులు ఉన్నాయి, వాటిలో పంపే మాటే ఇంకా జిల్లా పేరు దగ్గర ఆగింది. రాడార్ చూపు పదునెక్కితే ఆ మాట మారాలి. 'గుంటూరు జిల్లాలో అక్కడక్కడా' అన్న చోట 'ఫిరంగిపురం, మేడికొండూరు మండలాలకు పడమర నుంచి గాలివాన, ఇరవై నిమిషాల్లో, వడగళ్లతో' అని రావాలి.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి. వాన నేలను తాకడానికి పది, ఇరవై నిమిషాల ముందే మబ్బు పొట్టలో, నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున నీళ్లు కూడుకోవడం రాడార్‌కు కనిపిస్తుంది. రాడార్ పది నిమిషాలకొకసారి చుడితే అందులో పది అక్కడే పోతాయి. చిత్రం తయారై అధికారి తెర మీదకు రావడానికి కొంత, ఆయన చూసి నిర్ణయించడానికి కొంత, మెసేజ్ రాసి ఒకరి చేత ఓకే చేయించుకోవడానికి ఇంకొంత. రాడార్ నిమిషానికొకసారి చూసినా మెసేజ్ మూడు టేబుళ్లు దాటి వెళ్లాల్సి వస్తే మిగిలేది సున్నా. తీవ్రత ఫలానా గీత దాటిన వెంటనే, ఆ మండలంలోని టవర్లకు మెసేజ్ దానంతట అదే వెళ్లే ఏర్పాటు ఉండాలి. అధికారి దాన్ని ఆపగలిగేలా ఉండాలి తప్ప, అధికారి పంపితేనే పోయేలా ఉండకూడదు. అప్పుడప్పుడూ అది తప్పవుతుంది, కాయను అనవసరంగా కుప్ప చేయాల్సి వస్తుంది. సీజన్‌లో రెండుసార్లు అలా జరిగితే రైతు ఓర్చుకుంటాడు. రోజూ వచ్చే 'అక్కడక్కడా' మెసేజ్‌ను మాత్రం ఇప్పటికే చూడకుండా తీసేస్తున్నాడు.